అడుగు సగం చేస్తే

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డు.
లారీ బాడీల సుత్తి మోతల మధ్య
మా షెడ్డు, షెడ్డులో ఒక్కటే మిల్లింగ్ మిషను.
ఇవాళ దాని దవడల్లో ఇత్తడి దిమ్మ.
సబ్బు అచ్చు.

మొదట రఫింగు.
వెడల్పుగా కొరక్కు, గొంతుకి అడ్డం పడుద్ది,
అనేవాడు ఏసోబు మేస్త్రి.
సన్నగా తీసుకో, లోతుగా దిగు.
టూలు నిలువునా అరగాలి గానీ
మొన ఒక్కటే చావకూడదు.
పొట్టిగా పట్టుకో, పొడుగ్గా వదిలావంటే పాడుద్ది.
మూలకొచ్చేసరికి నెమ్మదించు,
బందరు లాకుల దగ్గర బస్సు తిప్పినట్టు.

ఆయన మిషను పాతది. స్క్రూలో వదులు.
టూలు తిరిగే వాటానికే బల్లని తోస్తే
బల్లనే లాక్కుపోయేదట.
అందుకని ముప్పై ఏళ్లూ ఎదురే నడిపాడు.
పొట్టు పల్చగా మొదలై
తెగేముందు కాసేపు రాసుకునేది.
నా మిషనుకి ఆ వదులు లేదు, వాటంగానే నడుపుతాను.
మందంగా మొదలై పల్చగా రాలిపోతుంది పొట్టు.
ఆయన చూస్తే ఒప్పుకునేవాడు కాదు.
గోరుతో గీసి చూసి, అప్పుడు ఒప్పుకునేవాడు.

ఫినిషింగు దగ్గరే నా తప్పు.
ఆరు మిల్లీమీటర్ల గుండు మొన,
గీతకీ గీతకీ నడుమ పాయింట్ మూడు అడుగు.
యాభై నిమిషాల్లో అచ్చు దిగింది.
చలపతి గారు గడియారం చూసి తలాడించారు.
మిషను గంటకి ఆరొందలు,
కోటిరత్నం రోజుకి నాలుగొందలు.
ఆయన లెక్క అక్కడితో సరి.

కోటిరత్నం కిటికీ పక్కన పీటేసుకుంటుంది.
ఎమరీ కాగితం, కిరసనాయిలు, వెదురు పుల్ల.
నేనేది దింపినా ఒళ్లో పెట్టుకుని
మాట్లాడకుండా రుద్దుతుంది.
ఆ రోజు మాత్రం చూపుడువేలు
అచ్చు లోపల అటూ ఇటూ నడిపి,
"మడి దున్నావేంటబ్బాయ్, ఇన్ని గట్లు?"

నవ్వాను. నాలుగు మైక్రాన్ల గట్టు
ఎవరి కంటికీ ఆనదు.
ఆమె వేలికి ఆనింది.
"రేషను షాపులో మిషను నా వేలిముద్ర
మూడుసార్లు కాదంటది. నాలుగోసారి
నా మొహం చూసి బియ్యం పోస్తాడు డీలరు.
నీ గట్లతో పాటు నా గట్లూ పోయినయ్."
చెయ్యి చాపి చూపించింది.
వేలి చివర
అద్దంలా ఉంది.

రాత్రి కరెంటు పోతే
టార్చి వెలుగులో బస్సు టిక్కెట్టు వెనక లెక్క వేశాను.
అడుగు సగం చేస్తే గట్టు సగం కాదు,
పావు అవుతుంది.
ఐటీఐలో ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నాను.
అప్పుడది ఎవరి వేలో తెలీదు.

మర్నాడు పాయింట్ ఒకటిన్నర అని కొట్టాను.
నిజానికి పాయింట్ ఒకటి ఐదు. నోరు తిరగదు.
అచ్చు అడుగున, చదునైన చోట
గుండు మొన చివర తిరుగుతున్నట్టుంటుంది గానీ
అక్కడ వేగం సున్నా, కోత లేదు, రుద్దుడే.
ఆ కాస్తకీ చదును టూలు మార్చాను.
మొత్తం గంటా నలభై, టూలు మార్పు కాక.
చలపతి గారు గడియారం చూశారు, తలాడించలేదు.
"టూలు పాతదండీ," అన్నాను.
అది కొత్త టూలు.

కోటిరత్నం వేలు లోపల నడిచింది, ఆగింది,
మళ్లీ నడిచింది.
గరుకు కాగితం మడిచి డబ్బాలో పెట్టేసి
నున్నటిది ఒక్కటే బయటికి తీసింది.
మూడింటికే లేచింది.
కుళాయి దగ్గర చేతులు రుద్దుకుంటూ
చేతిలో సబ్బుని వెలుగుకి తిప్పి చూసి
నన్ను పిలిచింది.
పేరు పక్కన, అరిగీ అరగకుండా,
వెంట్రుకంత గీత.
"ఇది నీదేనా?"

నేను వినపడనట్టు
బల్ల మీది ఇత్తడి రజను ఊడుస్తున్నాను.